జున్ను పన్ను, పెదనాన్న కొంగ

నేను మంచిదాన్నని మా బంధువులంతా అనుకుంటారు. ఎక్కువ మాట్లాడని ఆడపిల్లల గురించి జనం అలాగే అనుకుంటారు. పెళ్ళిళ్ళలో ఓ మూల కుర్చీ వెతుక్కుని, ఎవరైనా పలకరిస్తే నవ్వి, మళ్ళీ చేతిలోని పుస్తకంలోకి తల దించుకుంటాను కాబట్టి నాకు కోపం రాదని వాళ్ళ నమ్మకం. ఈ వేసవిలో నాకే కొత్తగా తెలిసిన సంగతి ఏమిటంటే, నాకు కోపం వస్తుంది. వస్తే పోదు.

ఇప్పుడు అంతా సర్దుకుంది. మా అక్క కూతురు జున్ను నా పక్కనే కూర్చుని జంతికలు కరకరలాడిస్తోంది. రోజూ రాసుకునే డైరీలో ఈ సంగతులన్నీ ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి రాస్తే, పన్ను కదిలే పిల్లలున్న ఇంట్లో ఎవరైనా చదివి, ఒక్క పిల్లకైనా ఆ బాధ తప్పిస్తారని ఆశ. ఇది బయటికి చెప్పుకోదగిన కారణం. రెండోది అంత మర్యాదైనది కాదు. మా పెద్దబావగారు చేసినదేమిటో, చేసినట్టుగా, అచ్చులో ఒకచోట ఉండాలి. పేరు రాయను. మా ఊరివాళ్ళకి పేరు అక్కర్లేదు.

ఏప్రిల్, పరీక్షలైపోయిన వారం

మా అక్కను ఇచ్చింది భీమవరం దగ్గర పల్లెలో. బావ, బావ వాళ్ళ అన్నగారు కలిసి రొయ్యల చెరువులు చేస్తారు. రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ. నేను భీమవరంలో ఓ కాలేజీ లైబ్రరీలో పనిచేస్తూ అక్క దగ్గరే ఉంటున్నాను. అమ్మానాన్నా పట్టిసీమ వైపు ఉంటారు. జున్ను అసలు పేరు బళ్ళో వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. దానికి ఏడేళ్ళు, రెండో తరగతి అయింది.

బావ వాళ్ళ అన్నగారినే నేను పెద్దబావగారు అంటాను. ఆయన వీధిలో పిల్లలందరి పళ్ళూ పీకుతారు. అది ఆయనకో బిరుదు. రొయ్యల చెరువుల మీద కొంగలు వాలకుండా అడ్డంగా నైలాన్ దారాలు కడతారు కదా, ఆ దారం ముక్క ఒకటి ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటుంది. పన్ను కదులుతున్న పిల్లని అరుగు మీద నిలబెట్టి, పంటికి దారం ముడేసి, మాటల్లో పెట్టి, ఉన్నట్టుండి "అదిగో కొంగ! అబ్బో, ఎంత కొంగో చూడు!" అంటారు. పిల్ల తల తిప్పుతుంది. ఆయన లాగుతారు. పిల్ల ఏడుపు మొదలయ్యేసరికి పన్ను పెంకుల మీదికి ఎగిరిపోయి ఉంటుంది.

ఊడిన పాలపన్ను ఇంటి కప్పు మీద వెయ్యడం మా అందరికీ ఉన్నదే. దాని మీద ఆయన సొంత నియమం ఒకటి పెట్టారు. పన్నుని నలుగురూ చూడకముందే పైకి విసిరెయ్యాలి, చూస్తే వచ్చే పన్ను వంకరగా వస్తుంది అని. అందుకని ఆయన పీకిన పన్నుని ఈ వీధిలో ఎవరూ ఇంతవరకు చూడలేదు. చూసిందల్లా ఆయన చెయ్యి గాల్లోకి లేవడం. ఆ తర్వాత చప్పట్లు.

ఆయన పీకినవన్నీ ముందుపళ్ళు. అన్నం ముద్ద తగిలినా ఊడిపోయేంతగా వేలాడుతున్నవి. జున్నుది ముందుపన్ను కాదు. కింది దవడలో, పుచ్చిపోయిన పన్ను. కొన్నాళ్ళుగా జున్ను ఒకవైపే నములుతోంది. చెరువులో రొయ్యల పట్టుబడి అవగానే డాక్టరుకి చూపిద్దామని అక్క అనుకుంటోంది.

"పాలపన్నుకి డాక్టరెందుకమ్మా?" అన్నారు పెద్దబావగారు. "ఎలాగూ ఊడేదే కదా!"

ఆ మధ్యాహ్నం నేను లోపల బట్టలు మడత పెడుతున్నాను. అరుగు మీద నుంచి "అదిగో కొంగ!" అని వినిపించింది. వెంటనే ఒక అరుపు. ఆ వీధిలో పళ్ళు ఊడిన పిల్లల ఏడుపులు చాలా విన్నాను. ఇది ఆ ఏడుపు కాదు. చేతిలో చీర అక్కడే పడేసి బయటికి పరిగెత్తాను. అప్పటికే ఆయన చెయ్యి గాల్లో ఉంది. పెంకుల మీద టక్కుమని చప్పుడైంది.

"అయిపోయింది! శూరురాలు నా కూతురు!" అన్నారు. నన్ను చూసి, "ఏం మరదలా, నీ పుస్తకాల్లో ఉందా ఈ వైద్యం?"

జున్ను రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం మోచేతిదాకా కారుతోంది. ఆ పిల్ల ఆయన్ని చూడటం లేదు, నన్ను చూడటం లేదు. కళ్ళనిండా నీళ్ళతో ఇంకా చెరువుల మీది ఆకాశం వంకే చూస్తోంది.

"పిన్నీ, కొంగేది?" అంది.

మే మొదట్లో

జున్ను నోరు మూతపడింది. మాట్లాడితే అరచెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడేది. పళ్ళు తోముకోమంటే బాత్రూం తలుపు గడియ పెట్టుకుని నీళ్ళ చప్పుడు చేసి వచ్చేసేది. అన్నం మానేసి మజ్జిగ తాగేది, అదీ స్ట్రాతో. తర్వాత కుడి బుగ్గ వాచింది. జ్వరం వచ్చింది.

"గవదబిళ్ళలు," అని గోడ అవతల నుంచే తేల్చేశారు పెద్దబావగారు. "ఎండాకాలం కదా. బంగారం వెయ్యండి మెళ్ళో, తగ్గిపోద్ది."

అక్క తన గొలుసు తీసి దాని మెడలో వేసింది. బుగ్గకి గంధం పట్టించింది. ఆ గొలుసు బరువుకి తల వంచుకుని, గంధం ఎండి బీటలు వారిన బుగ్గతో జున్ను గడప మీద కూర్చుంటే, ఎవరో వేషం కట్టించి వదిలేసిన పిల్లలా ఉండేది.

"అక్కా, అది పంటి వాపేమో," అన్నాను.

"పన్ను ఊడిపోయిందిగా! లేని పన్నుకి వాపేంటే?"

పన్ను పెంకుల మీద ఉందని ఊరంతా చెబుతుంది. కాని అక్కడ పడింది ఏమిటో ఎవరు చూశారు? ఆయన నియమం ఆయన్నే కాపాడుతోంది. జున్నుని నోరు తెరవమంటే దుప్పటి ముసుగు పెట్టేది. ఎవరు దగ్గరికొచ్చినా ముందు వాళ్ళ చేతుల వంక చూసేది, దారం ఉందేమోనని.

ఓ ఉదయం జ్వరం కాస్త తగ్గితే కిటికీ పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పాను. నేను కల్పించినదే. ఒక రొయ్య పండక్కి చొక్కా కుట్టించుకుందామని టైలరు దగ్గరికి వెళ్తుంది. టైలరు కొలతలు తీసుకుంటూ చేతులు లెక్కపెడతాడు. లెక్క తప్పుతాడు. మళ్ళీ మొదలు పెడతాడు. చివరికి టేపు కింద పడేసి ఏడుస్తూ, "పోనీ లుంగీ కట్టుకోకూడదటయ్యా?" అంటాడు.

జున్ను నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, తల వెనక్కి వాల్చి నవ్వింది. కిటికీలోంచి ఎండ సరిగ్గా దాని నోట్లో పడింది. కింది దవడలో నల్లగా, విరిగిన అంచుతో, సగం పన్ను అలాగే ఉంది. దాని పక్కన చిగురు మీద తెల్లటి చీముపొక్కు.

పెంకుల మీదికి వెళ్ళింది మిగతా సగం. ఆయన విసిరిన దాన్ని ఒక్కరు, ఒక్కసారి, అరచేతిలో పెట్టుకుని చూసి ఉంటే ఆ రోజే తెలిసేది.

అక్కకి చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. బావ, "డాక్టరు దగ్గరికి రేపే తీసుకెళ్దాం," అన్నాడు. ఆగి, "అన్నయ్యతో ఏమీ అనకండి. కావాలని చేశాడా ఏంటి?" అన్నాడు.

కావాలని చెయ్యలేదు. ఈ మాట అప్పటినుంచి ఎంతమంది అన్నారో. కావాలని చేసి ఉంటే కనీసం కాస్త జాగ్రత్తగా చేసేవారు.

మే నడుమ

మొదట వెళ్ళిన క్లినిక్‌లో ఏసీ ఉంది, చేపల తొట్టె ఉంది, చిరునవ్వుల పోస్టర్లు ఉన్నాయి. మా పక్కన ఒకాయన తన కొడుకు చెవిలో, "ఏడ్చావంటే పెద్ద సూది వేస్తారు," అని నెమ్మదిగా, ప్రేమగా చెబుతున్నాడు. జున్ను వింది. నా చున్నీ కొసని వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది, వేలు తెల్లబడేదాకా.

లోపల డాక్టరు చాలా చురుకైన మనిషి. "ఏం లేదమ్మా, చూస్తానంతే. నొప్పే ఉండదు," అన్నాడు. అంటూనే కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకున్నాడు. కుర్చీ పైన వేలాడే దీపానికి ఉన్న నిగనిగలాడే రేకులో ఆ చేతిలోని సూది జున్నుకి కనిపించింది. నాకూ కనిపించింది. జున్ను కుర్చీ దిగబోయింది. ఆయన తన మనుషుల్ని పిలిచాడు. ఒకరు కాళ్ళు, ఒకరు తల పట్టుకున్నారు. "మీరు చేతులు పట్టుకోండమ్మా," అన్నాడు అక్కతో. అక్క పట్టుకోలేదు. జున్ను ఆయన వేలు కొరికింది.

గట్టిగానే కొరికింది. నాకు సంతోషమైంది. ఇందులో దాచుకునేదేం లేదు.

"ఎలా పెంచారమ్మా పిల్లని!" అన్నాడు వేలు ఊపుకుంటూ. "దీనికి పెద్దాసుపత్రిలో మత్తిచ్చి తీయాల్సిందే." వాపుకి మందులు రాసి పంపేశాడు.

ఆటోలో అక్క కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటోంది. ఇంత పిల్లకి ఒళ్ళంతా మత్తు ఎక్కించడమంటే అక్కకి ప్రాణం మీదికి వచ్చినట్టుంది. జున్ను నా ఒళ్ళో తల పెట్టుకుని, చెయ్యి అడ్డం పెట్టుకుని మెల్లగా అంది:

"డాక్టరుగారు కూడా కొంగ చూపించారు పిన్నీ."

ఆ పూట నుంచి దాని భాషలో అబద్ధానికి పేరు అదే. సిరప్ తియ్యగా ఉంటుందంటే "కొంగా?" అనేది. ఐస్‌క్రీం కొనిపెడతానంటే "కొంగా?"

పగ సంగతి చెబుతాను. పగ పట్టడం పుస్తకాల్లో చదివినంత తేలిక కాదు. పెద్దబావగారు రోజూ ఉదయం చెరువు గట్టు నుంచి వస్తూ మా ఇంట్లో కాఫీ తాగుతారు. కలిపేది నేను. నేనాయన కాఫీలో పంచదార మానేశాను. మొదటి గుక్కకి మొహం చిట్లించి, తర్వాత గట్టిగా నవ్వి, "చూశావా తమ్ముడూ, నా షుగరు గురించి మీ ఆవిడ చెల్లెలికున్న శ్రద్ధ ఇంట్లో వాళ్ళకి లేదు!" అన్నారు. వీధి వీధంతా చెప్పారు. అలవాటు లేని వాళ్ళ ప్రతీకారాలు ఇలాగే తగలడతాయి.

పనికొచ్చే ఊహలు మనసులోనే చేసుకునేదాన్ని. చెరువులో నీటికి గాలి ఆడటానికి తిప్పే ఏరియేటర్లు ఉంటాయి కదా, పెద్ద చక్రాలతో. ఆ నైలాన్ దారం ఒక కొస ఆయన దవడ పంటికి, రెండో కొస ఆ చక్రానికి. స్విచ్ నా చేతిలో. "అదిగో కొంగ!" అని నేనే, ఈ ఊళ్ళో ఎవరూ వినని నా గొంతుతో, అరుస్తాను. లైబ్రరీలో పుస్తకాలకి ముద్రలు వేస్తూ ఈ దృశ్యాన్ని చాలాసార్లు చూసుకున్నాను. ముద్రలు బాగా పడేవి.

మే చివర

లైబ్రరీకి వచ్చే ఒకావిడ పిల్లల పళ్ళు చూసే డాక్టరమ్మ గురించి చెప్పింది. భీమవరంలోనే, మేడ మీద చిన్న గది. అప్పటికి మందులకి వాపు తగ్గి, మందు అయిపోగానే మళ్ళీ తొంగి చూస్తోంది.

డాక్టరమ్మకి నా కంటే నాలుగైదేళ్ళు ఎక్కువుంటాయేమో. జున్నుని కుర్చీ ఎక్కించలేదు. తనే చిన్న స్టూలు లాక్కుని దాని కంటే కిందికి కూర్చుంది.

"ఇవాళ నేనేం చెయ్యను. నోరు కూడా తెరవక్కర్లేదు," అంది.

జున్ను నా వైపు తిరిగి, "కొంగా?" అని అడిగింది. డాక్టరమ్మకి నేనే చెప్పాల్సి వచ్చింది, ఆ మాట వెనక కథంతా. కొత్తవాళ్ళతో అంతసేపు మాట్లాడటం నాకు అదే మొదలు. ఆవిడ నవ్వలేదు. చివరిదాకా విని, "పాలపళ్ళే అయినా దవడవి పదేళ్ళు నిండేదాకా గట్టిగా ఉంటాయండి. దారంతో వచ్చేవి కావు," అంది.

అన్న మాట ప్రకారం ఆ రోజు ఆవిడ ఏమీ చెయ్యలేదు. జున్ను కుర్చీని పైకి కిందికి ఆడించుకుంది. నీళ్ళు చిమ్మే గొట్టంతో నా చున్నీ తడిపింది. వచ్చేటప్పుడు డాక్టరమ్మ అక్కనీ నన్నూ పక్కకి పిలిచి చెప్పింది. చీము లోపలికి పాకకముందే, ఈ వారంలోనే పన్ను తీసెయ్యాలి. ఇక్కడ కుదరకపోతే మత్తు తప్పదు. ఈలోగా ఇంట్లో ఎవరూ నొప్పి ఉండదని చెప్పొద్దు. అసలు భయపడకు అని కూడా అనొద్దు. ఏం జరుగుతుందో అదే చెప్పండి, తెలియనిది తెలీదని చెప్పండి అంది. నా జీవితంలో విన్న వైద్యాలన్నింటిలో నాకు బాగా నచ్చింది ఇది.

రెండోసారి వెళ్ళే రోజున చెరువులో పట్టుబడి పడింది. బావ కదలడానికి లేదు. కారు పెద్దబావగారు తీశారు. దారంతా హుషారుగా మాట్లాడుతూనే ఉన్నారు. వెనక సీట్లో జున్ను ఆయన చొక్కా జేబు వంకే చూస్తూ కూర్చుంది.

లోపల డాక్టరమ్మ ఒక బొమ్మని కుర్చీలో పడుకోబెట్టి, ఏం చేస్తుందో వరసగా చూపించింది. అద్దం, దూది, చిగురు మొద్దుబారడానికి రాసే జెల్లీ, ఇంజక్షన్. దాచలేదు. "చెయ్యి ఎత్తితే ఆపేస్తాను. ఎందుకని అడగను," అంది.

జున్ను అంతా శ్రద్ధగా చూసింది. చూసి, "బొమ్మకి నొప్పి తెలీదుగా. చెయ్యి ఎత్తదుగా," అంది.

"మరి ఎవరికి చేసి చూపించమంటావు? పిన్నికా?"

జున్ను నన్ను చూసి అడ్డంగా తలూపింది. తలుపు వైపు చూపించింది.

"పెదనాన్నకి."

అక్క గతుక్కుమంది. "ఆయన్నెలా పిలుస్తామే? ఊరుకో. బాగోదు." నా చెయ్యి పట్టుకుని, "నువ్వెళ్ళకు, గొడవైపోద్ది," అంది. చెరువులు ఉమ్మడివి, ఇళ్ళు ఆనుకుని ఉన్నాయి, బావ అన్నగారి ముందు కూర్చోను కూడా కూర్చోడు. అక్క భయం నాకు తెలుసు. కాని వారం గడిస్తే ఆ పిల్లని మత్తు కోసం ఎక్కడికో మోసుకెళ్ళాలి. చెయ్యి విడిపించుకుని బయటికి నడిచాను.

బయట గదిలో ఆయన కాలు మీద కాలేసుకుని, పక్కనున్న వాళ్ళకి తన పళ్ళ పీకుడు గురించి చెబుతున్నారు. నరసాపురం వైపు నుంచి మనవరాలితో వచ్చిన ఒక చేపలమ్మే మామ్మ నోరు తెరుచుకుని వింటోంది.

"పెద్దబావగారూ, లోపలికి రండి," అన్నాను.

"ఏంటి మరదలా, మాటలొచ్చాయే నీకు! పిల్లని పట్టుకోవాలా?"

"కాదండి. మీరు కుర్చీలో కూర్చోవాలి. జున్ను అడుగుతోంది."

"నాకేం పన్ను నొప్పి లేదే!" అని నవ్వి చుట్టూ చూశారు.

నా గొంతు, ఎక్కడి నుంచి వచ్చిందో, నిలకడగానే వచ్చింది.

"దానికుంది. ఆ పన్ను సగం మీరు విరగ్గొట్టారు. మిగతా సగం బయటికి రావాలంటే మీరు లోపలికి రావాలి."

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీసెయ్యడం మరిచిపోయినట్టు.

"పిల్ల చేష్టలకి మనం కూడా ఏంటమ్మా..."

"ఎల్లండి బాబూ," అంది చేపల మామ్మ. "అద్దం ఎట్టి సూత్తారంతే. బయ్యమేత్తందా?"

ఆ మాట తర్వాత ఆయన లేవక తప్పలేదు. లేచి, పంచె సర్దుకుని లోపలికి వచ్చారు. నేను వెనకే వచ్చి తలుపు పూర్తిగా వెయ్యలేదు. మామ్మకి కనిపించాలని.

డాక్టరమ్మ బొమ్మకి చెప్పినంత ఓపికగా ఆయనకీ చెప్పింది. "ఇది అద్దమండి. చల్లగా తగులుతుంది. చెయ్యి ఎత్తితే ఆపేస్తాను." కుర్చీ వెనక్కి వాలింది. ఆయన రెండు చేతులూ కుర్చీ పిడుల్ని పట్టుకున్నాయి. నుదుటి మీద చెమట. చెప్పులు విడిచిన కాళ్ళ బొటనవేళ్ళు రెండూ లోపలికి ముడుచుకుపోయాయి. ఆ బొటనవేళ్ళు నాకు ముసలితనంలో కూడా గుర్తుంటాయి.

జున్ను స్టూలెక్కి నిలబడి ఆయన నోట్లోకి వంగి చూసింది.

"ఇంకా తెరవండి పెదనాన్నా. ఇంకా."

అద్దం దవడ పంటికి తగిలిందో లేదో ఆయన చెయ్యి లేచింది.

"డాక్టరుగారూ! పెదనాన్న చెయ్యెత్తాడు!" అని అరిచింది జున్ను.

డాక్టరమ్మ ఆపేసింది. వెంటనే, మధ్యలోనే. అద్దం బయటికి తీసి, రెండు చేతులూ ఎత్తి చూపించింది. ఎందుకని అడగలేదు.

నేను ఆయన చెమటని చూసుకుంటున్నాను. జున్ను మాత్రం డాక్టరమ్మ చేతుల్ని చూస్తోంది. అవి ఖాళీగా ఉన్నాయి. చాలాసేపు వాటినే చూసింది. నేను ఆయన్ని లోపలికి రప్పించింది అవమానించడానికి. జున్ను రప్పించింది ఆ ఆగడం చూడటానికి. పెద్దమనిషి చెయ్యెత్తితే ఆగినావిడ తను ఎత్తినా ఆగుతుందేమోనని. ఆ తేడా నాకు ఇంటికొచ్చి రాసుకుంటున్నప్పుడు గాని తెలియలేదు.

"మీవి రెండు పుచ్చున్నాయండి, తీయించుకోవాలి," అంది డాక్టరమ్మ.

"తర్వాత చూద్దామండి," అని ఆయన కుర్చీ దిగి, చెప్పులు ఒకదాని బదులు ఒకటి వేసుకుని బయటికి వెళ్ళారు.

జున్ను తనే కుర్చీ ఎక్కింది.

జెల్లీ చేదుగా ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. చేదుగానే ఉందని జున్ను మొహం చెప్పింది. సూది చీమ కుట్టినట్టు ఉంటుందా అని అడిగితే, "చీమ కంటే కాస్త ఎక్కువే. పది అంకెలు లెక్కపెట్టేలోపు పోతుంది," అంది ఆవిడ. జున్ను చెయ్యి ఎత్తింది. డాక్టరమ్మ ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. జున్ను కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారాయి. నేను దాని కాలి మడమ పట్టుకుని గట్టిగా, వినపడేలా లెక్కపెట్టాను. తర్వాత బుగ్గ బరువెక్కిందంది, పెదవి లేదంది, ఆ లేని పెదవిని వేలితో పొడిచి చూసి నవ్వింది.

"ఇప్పుడు నొక్కినట్టుంటుంది. కటకటమని చప్పుడొస్తుంది. చప్పుడుకి నొప్పి ఉండదు." చెప్పినట్టే చప్పుడొచ్చింది. చెయ్యి లేచింది. ఆగింది. ఈసారి జున్ను తనంతట తనే చెయ్యి దింపి తలూపింది.

పన్ను బయటికొచ్చింది. డాక్టరమ్మ దాన్ని కడిగి దూది మీద పెట్టి జున్ను చేతికిచ్చింది. "బాగా చూడు. అందరికీ చూపించు," అంది. మొద్దుబారిన పెదవిని కొరుక్కోకుండా చూసుకోమనీ, దూది కాసేపు కరిచి పెట్టుకోమనీ, ఆ రోజుకి చల్లటివీ మెత్తటివీ పెట్టమనీ చెప్పింది. బయటికి రాగానే చేపల మామ్మ తన సంచిలోంచి ఒక ముంజకాయ తీసి జున్నుకిచ్చింది. "మొద్దు ఒదిలాక తినమ్మా, సల్లగుంటది," అని, మనవరాలి వైపు తిరిగి, "సూసేవా, అక్క ఎలాగొచ్చిందో," అంది. ఆ ముంజకాయ తెచ్చుకున్న ఇద్దరూ అది తినకుండా మాకిచ్చారని ఇంటికి వెళ్ళాక గాని నాకు తట్టలేదు.

ఆ పన్ను పెంకుల మీదికి వెళ్ళలేదు. చిన్న డబ్బాలో పెట్టి, వచ్చిన వాళ్ళందరికీ జున్ను చూపించింది. వచ్చే పన్ను వంకరగా వస్తే రానీ అంది అక్క. ఈ మొత్తం వ్యవహారంలో మా అక్క చేసిన తిరుగుబాటు అదొక్కటే. నేను దాన్ని తక్కువగా చూడను.

జూన్, బడులు తెరిచాక

ఇక్కడితో ఆపేస్తే కథ చక్కగా ఉండేది. కాని పెద్దబావగారు ఊరుకోలేదు. వారం తిరగకుండానే ఆయన కొత్త కథ చెప్పడం మొదలుపెట్టారు. "మా జున్నుకి ధైర్యం రావాలని ముందు నేనే కుర్చీ ఎక్కానండి! పిల్లల దగ్గర పెద్దవాళ్ళు అలా ఉండాలి." వినేవాళ్ళు తలలూపేవారు. బావ కూడా ఊపాడు. సగం పన్ను మాట లేదు. గవదబిళ్ళల మాట లేదు. "క్షమించమ్మా" అని ఆ పిల్లతో ఒక్కసారి అన్నది లేదు. నా పగని కూడా ఆయన తన గొప్పగా మార్చుకున్నారు, పంచదార లేని కాఫీలాగే. ఆ రోజు నుంచే ఇది రాయడం మొదలుపెట్టాను.

నిన్న సాయంత్రం తొలకరి జల్లు పడి ఆగింది. నేను మెట్ల మీద పుస్తకంతో, నా పక్కన జున్ను జంతికల గిన్నెతో. ఎదురింటి వాళ్ళు తమ చిట్టిని తీసుకొచ్చి పెద్దబావగారి అరుగు ఎక్కించారు. దాని ముందుపన్ను కదులుతోంది. గోడ మీద వీధి పిల్లలంతా వరసగా కూర్చున్నారు, తమాషా చూడటానికి. ఆయన జేబులోంచి దారం తీశారు. ముడేశారు. మాటల్లో పెట్టారు.

ఈసారి నేనే ఆపమంటాను అనుకున్నాను. పుస్తకం మూశాను. గొంతు సవరించుకున్నాను.

"అదిగో కొంగ!" అన్నారాయన.

"చిట్టీ, అటు చూడకు," అంది జున్ను. గిన్నెలోంచి తలెత్తకుండా, జంతిక నముల్తూ, కుడివైపు పళ్ళతోనే. "అక్కడ కొంగ ఉండదు. నీ పన్ను లాగుతారు."

చిట్టి తల తిప్పలేదు. నోరు మూసేసింది. దారం పెదవుల మధ్య నుంచి వేలాడుతోంది, రెండో కొస ఆయన వేలికి. గోడ మీద పిల్లలందరూ ఆయన్నే చూస్తున్నారు.

సరిగ్గా అప్పుడే, చెరువుల మీది దారాలు తప్పించుకుని, నిజంగానే ఒక కొంగ తెల్లగా వీధి మీదుగా వెళ్ళింది. "అరే, నిజంగానే కొంగర్రా! అదిగో, చూడండి!" అన్నారు పెద్దబావగారు, చెయ్యి చాపి, బతిమాలుతున్నట్టు.

ఒక్క పిల్ల కూడా తల తిప్పలేదు.

ఆయన నా వంక చూశారు. నేను పెళ్ళిళ్ళలో నవ్వే నవ్వు నవ్వి, మళ్ళీ పుస్తకంలోకి తల దించుకున్నాను.